ఫ్రిస్కోకి మారదామనుకుంటున్న తెలుగు కుటుంబాలకు: రెండో ఏడాది లెక్క కూడా చూసుకోండి

బే ఏరియాలో, న్యూజెర్సీలో ఏళ్లుగా ఉంటూ, టెక్సస్‌లోని ఫ్రిస్కోకి మారాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్న తెలుగు కుటుంబాలకు బహిరంగ లేఖ.

నమస్కారం.

ఫ్రిస్కో గురించి మీ దాకా వస్తున్న లెక్కలన్నీ దాదాపు మొదటి ఏడాదివి. గృహప్రవేశానికి వచ్చినవాళ్లకి కనిపించేది కొత్త ఇల్లు, దగ్గర్లోనే కార్యసిద్ధి హనుమాన్ గుడి, ఎటు వెళ్లినా వినిపించే తెలుగు మాట, జీతం కాగితంలో రాష్ట్రం పన్ను దగ్గర సున్నా. అవన్నీ నిజాలే. అయితే ఆ ఇంటి నెలవాయిదా ఉన్నట్టుండి ఎందుకు పెరిగిందో, వడగళ్ల వాన తర్వాత చేతి డబ్బు ఎంత పడిందో, పదకొండో తరగతిలో బడి మారిన పిల్లకి ర్యాంకు ఎందుకు దక్కలేదో తెలిసేది రెండో ఏడాదిలో. ఇక్కడి ఇళ్లు, పన్నులు, బడులు, వీసాల సంగతి దగ్గరగా తెలిసినవాళ్లం కాబట్టి ఆ లెక్కను ముందే మీ చేతికివ్వాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు ఊరి సంగతి. డాలస్ నడిబొడ్డుకి ఉత్తరంగా సుమారు 28 మైళ్లు. 2000 జనాభా లెక్కల్లో ఇక్కడున్నది 33,714 మంది. 2010కి 1,16,989 అయ్యారు. 2020కి 2,00,509. డాలస్ నార్త్ టోల్‌వే ఉత్తరానికి సాగింది. 2016లో కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు ప్రధాన కార్యాలయం ‘ది స్టార్’ వచ్చింది. 2017లో టొయోటా తన ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయాన్ని కాలిఫోర్నియా నుంచి పక్కనున్న ప్లానోకి మార్చింది. 2022లో గోల్ఫ్ సంస్థ పీజీఏ ఆఫ్ అమెరికా ఫ్రిస్కోకే వచ్చింది. ఇంత వేగంగా పెరిగిన ఊళ్లో రోడ్లు, బడులు, పార్కులు అన్నీ కొత్తగా ఉంటాయి. ఒక పేటలోని ఇళ్లన్నీ ఒకే వయసువి కాబట్టి పైకప్పులు, ఏసీలు, వాటర్ హీటర్లు కూడా అందరికీ ఇంచుమించు ఒకేసారి పాడవుతాయి.

ఇక అందరూ మొదట అడిగే పన్ను. భార్యాభర్తలిద్దరి జీతం కలిపి 2,50,000 డాలర్లు అనుకుందాం. కాలిఫోర్నియాలో రాష్ట్ర ఆదాయపు పన్ను సుమారు 15,000, దానిపైన రాష్ట్ర అశక్తత బీమా (ఎస్‌డీఐ) కోత ఇంకో 3,000 దాకా పోతుంది. న్యూజెర్సీలో 12,000 దగ్గర తేలుతుంది. టెక్సస్‌లో ఈ పద్దే లేదు. ఆదాయపు పన్ను విధించకూడదని 2019లో రాజ్యాంగ సవరణ కూడా చేసుకున్నారు.

మరి ఊళ్లు, బడులు ఎలా నడుస్తాయి? ఎక్కువగా ఇంటి పన్ను మీద. ఫ్రిస్కో నగరం, కౌంటీ, ఫ్రిస్కో బడుల జిల్లా, కాలేజీ పన్ను అన్నీ కలిపితే ఇంటి విలువలో 1.7 శాతం దగ్గర ఉంటుంది. 7,00,000 డాలర్ల ఇంటికి మినహాయింపులు లేకుండా 11,900. మీరు అందులోనే కాపురముంటూ హోమ్‌స్టెడ్ (సొంత కాపురపు ఇంటికిచ్చే మినహాయింపు) దరఖాస్తు పెట్టుకుంటే బడి పన్ను లెక్కలో ఇంటి విలువ నుంచి 1,40,000 డాలర్లు తీసేస్తారు (2025 నవంబరులో ఓటర్లు ఆమోదించిన పెంపు ఇది, అంతకుముందు 1,00,000 ఉండేది). దాంతో సుమారు 1,400 తగ్గుతుంది. అంటే ఏడాదికి 10,500 అటూ ఇటూ. ఇంటి బీమా 4,000 దాటడం ఇక్కడ మామూలు. ఈ రెండూ కలిపి చూస్తేనే మీకు మిగిలేదెంతో తెలుస్తుంది.

ఈ లెక్క అందరికీ ఒకేలా రాదు. న్యూజెర్సీలో ఇంటిపన్ను సగటే 10,000 డాలర్ల దగ్గర ఉంది కాబట్టి అక్కడ సొంత ఇల్లున్నవాళ్లకి ఇంటిపన్ను కొత్త భారం కాదు, ఆదాయపు పన్ను మిగులు చేతికి వస్తుంది. బే ఏరియాలో అద్దెకుంటున్నవాళ్లకి కూడా మిగులు స్పష్టమే. జాగ్రత్త పడాల్సింది బే ఏరియాలో పదేళ్ల కిందట ఇల్లు కొన్నవాళ్లు. 1978 నాటి ప్రపోజిషన్ 13 వల్ల మీ ఇంటి పన్ను విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. పైగా తక్కువ వడ్డీకి తీసుకున్న అప్పు ఉండి ఉంటుంది. ఆ ఇల్లు అమ్మితే ఆ రెండూ పోతాయి, మళ్లీ తెచ్చుకోలేరు. అద్దెకిచ్చి వద్దామనుకుంటే ఒక తేదీ గుర్తు పెట్టుకోండి: అమ్మేనాటికి వెనక్కి లెక్కిస్తే అయిదేళ్లలో రెండేళ్లు అందులో మీరు కాపురముండి ఉండాలి. అలా ఉంటేనే దంపతులకి 5,00,000 డాలర్ల దాకా లాభం మీద ఫెడరల్ పన్ను పడదు. కాబట్టి ఖాళీ చేసిన మూడేళ్లలోపు అమ్మకం పూర్తవ్వాలి. ఆ గడువు దాటిపోయాక మేలుకుంటే పిల్లల కాలేజీ ఫీజంత డబ్బు పన్ను కింద పోతుంది.

రాష్ట్రం మారగానే పాత రాష్ట్రం వదిలేస్తుందనీ అనుకోవద్దు. కాలిఫోర్నియాలో పనిచేస్తుండగా కంపెనీ ఇచ్చిన ఆర్‌ఎస్‌యూ షేర్లు (కొన్నాళ్లు పనిచేశాకే చేతికందేవి) మీరు టెక్సస్‌కి వచ్చాక చేతికందినా, ఇచ్చిన రోజు నుంచి అందిన రోజు వరకు కాలిఫోర్నియాలో చేసిన పనిదినాల వంతుకి ఆ రాష్ట్రం పన్ను వసూలు చేస్తుంది. న్యూయార్క్ కంపెనీకి ఇంటి నుంచి పనిచేసే న్యూజెర్సీవాళ్లు ఉద్యోగం మారకుండా ఇక్కడికి వస్తే, అది కంపెనీ అవసరం కోసం కాకుండా మీ సౌకర్యం కోసం జరిగిన మార్పని న్యూయార్క్ పన్ను వేస్తూనే ఉండొచ్చు. సున్నా పన్ను మీద ఆశతో బయల్దేరే ముందు మీ హెచ్‌ఆర్ దగ్గర ఇంకో మాట కూడా రాతపూర్వకంగా తీసుకోండి: ప్రాంతం మారితే జీతం తగ్గుతుందా? కొన్ని కంపెనీలు తగ్గిస్తాయి. పన్నులో మిగిలింది అక్కడే సరిపోవచ్చు.

ఇప్పుడు ఎక్కువమందిని దెబ్బతీసే విషయం. కొత్తగా కట్టిన ఇంటికి మొదటి ఏడాది పన్ను చాలా తక్కువ వస్తుంది. కారణం, టెక్సస్‌లో పన్ను విలువ జనవరి 1న ఆ స్థలం ఎలా ఉందన్నదాన్ని బట్టి కడతారు. మీరు జూన్‌లో తాళాలు తీసుకున్నా, జనవరి 1న అక్కడున్నది ఖాళీ స్థలమే. స్థలం విలువ 1,50,000 అనుకుంటే పన్ను 2,550. అప్పిచ్చిన సంస్థ దాన్నే ఆధారం చేసుకుని ఎస్క్రో (ఇంటిపన్ను, బీమా కట్టడానికి నెలవాయిదాతో కలిపి తీసుకునే సొమ్ము) కింద నెలకి 212 డాలర్లు పట్టుకుంటుంది. మరుసటి జనవరికి ఇల్లు పూర్తయి ఉంటుంది, పన్ను 10,500 అవుతుంది. నెలకి పట్టాల్సింది 875. అంటే అప్పటికే 8,000 లోటు పడింది. ఆ లోటుని 12 నెలలకి పంచితే నెలకి 660 దాకా, కొత్త రేటు ప్రకారం పెరిగింది ఇంకో 660. ఒక్కసారిగా నెలవాయిదా 1,300 డాలర్లు పెరుగుతుంది. ఎవరూ మోసం చేయలేదు, లెక్కే అంత. దీనికి మందు సులువు: ఇంటి కొనుగోలు ముగింపు సంతకాలకి ముందే ఎస్క్రోని పూర్తి ఇంటి విలువ మీద కట్టమని అడగండి. వాళ్లు కుదరదంటే ఆ తేడాని మీరే నెలనెలా వేరే ఖాతాలో వేసుకోండి.

హోమ్‌స్టెడ్ దరఖాస్తు కాలిన్ లేదా డెంటన్ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి (ఆ కౌంటీలో ఇంటి విలువ కట్టే సంస్థ) ఉచితంగా పెట్టుకోవచ్చు. దీనికి డబ్బులడిగే ఉత్తరాలు తపాలాలో వస్తాయి, పట్టించుకోకండి. టెక్సస్ డ్రైవింగ్ లైసెన్స్ మీద ఇంటి చిరునామా సరిపోలాలి, ఎక్కువ దరఖాస్తులు తిరిగొచ్చేది ఇక్కడే. పన్ను విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకూడదన్న రక్షణ మినహాయింపు అమల్లోకి వచ్చిన మరుసటి ఏడాది నుంచే మొదలవుతుంది కాబట్టి, కొన్న వెంటనే వచ్చే మొదటి పెరుగుదలకి పరిమితి ఉండదు. వసంతంలో విలువ నోటీసు వస్తుంది. మే 15 లేదా నోటీసు పంపిన 30 రోజులు, ఏది ఆలస్యమైతే ఆలోపు అభ్యంతరం వేయొచ్చు. ప్రతి ఏడాదీ వేయండి. మీ వీధిలో అదే విస్తీర్ణం ఇళ్లకి చదరపు అడుగుకి ఎంత కట్టారో వాళ్ల సైటులోనే కనిపిస్తుంది. అలాంటి అయిదారు ఇళ్ల పట్టిక, మీ ఇంట్లో లోపాల ఫొటోలు, మరమ్మతు అంచనాలు జతచేయండి. విచారణకి వాళ్లు వాడబోయే ఆధారాలు మీరు అడిగితే 14 రోజుల ముందు ఇవ్వాలి, అడగడం మర్చిపోవద్దు. బిల్లు అక్టోబరులో వస్తుంది. జనవరి 31 దాటితే ఫిబ్రవరి నెలలోనే జరిమానా, వడ్డీ కలిపి 7 శాతం పడుతుంది.

380 రోడ్డుకి ఉత్తరాన ప్రాస్పర్, సెలైనా, ఆబ్రీ వైపు ఇళ్లు కొంచెం చవగ్గా కనిపిస్తాయి. కొనే ముందు మడ్ లేదా పిడ్ ఉందా అని అడగండి. నీళ్ల పైపులు, రోడ్లు వేయడానికి తెచ్చిన అప్పుని ఆ పేటవాళ్ల దగ్గరే వసూలు చేసే ఏర్పాట్లు ఇవి. వీటితో మొత్తం రేటు 2.5 శాతం దాకా, కొన్నిచోట్ల ఇంకా పైకి వెళ్తుంది. ఆరు లక్షల ఇంటికి ఫ్రిస్కోలో ఏడు లక్షల ఇంటికన్నా ఎక్కువ పన్ను కట్టాల్సి రావచ్చు.

బడుల విషయం. ఫ్రిస్కో అనే చిరునామా ఉన్నంత మాత్రాన ఫ్రిస్కో బడుల జిల్లా (ఐఎస్‌డీ) బడి రాదు. నగరంలో కొన్ని భాగాలు ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ బడుల జిల్లాల్లో ఉన్నాయి. అటువైపు ప్లానో, మెకిన్నీలలో కొన్ని ఇళ్లకి ఫ్రిస్కో ఐఎస్‌డీ వర్తిస్తుంది. ఇంటి అమ్మకపు ప్రకటనలో రాసింది నమ్మకుండా, జిల్లా సైటులో ఇంటి నంబరు కొట్టి చూసుకోండి. హద్దులు మళ్లీ గీస్తుంటారు కూడా.

పెద్ద పిల్లలున్నవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవండి. టెక్సస్‌లో యూటీ ఆస్టిన్‌కి నేరుగా ప్రవేశం రావాలంటే బడిలో ర్యాంకు కావాలి. చాలాకాలం మొదటి 6 శాతం ఉండేది, 2026 శరదృతువు ప్రవేశాల నుంచి 5 శాతానికి కుదించారు. ఫ్రిస్కో ఐఎస్‌డీ ఒకే మహా బడి కట్టకుండా 12 చిన్న హైస్కూళ్లు కట్టింది. పిల్లలు జట్లలో, బ్యాండులో చోటు దక్కించుకోవడానికి అది మంచి పద్ధతి. కానీ తరగతిలో 500 మంది ఉంటే 5 శాతం అంటే 25 మందే. ఆ 25లో చోటు కోసం తొమ్మిదో తరగతి నుంచే కాలేజీ స్థాయి ఏపీ కోర్సుల లెక్కతో పరుగెత్తే పిల్లలు వందమంది ఉంటారు, అందులో చాలామంది మనవాళ్ల పిల్లలే. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన పిల్లల మార్కులను ఇక్కడి బరువుల్లోకి (కోర్సు కష్టాన్ని బట్టి ఇచ్చే అదనపు పాయింట్లు) మార్చేటప్పుడు, అక్కడ ఆనర్స్ అన్న కోర్సుకి ఇక్కడ అదే బరువు రాకపోవచ్చు. పదో తరగతి తర్వాత మారిస్తే ఆ నష్టం పూడ్చుకోవడానికి సెమిస్టర్లు మిగలవు. ర్యాంకు వచ్చినా యూనివర్సిటీలో సీటుకే హామీ, కంప్యూటర్ సైన్స్‌కి కాదు. ఎనిమిదో తరగతి ముగిసేలోపు అయితే రండి. పదకొండులో ఉన్న పిల్ల ఉంటే, ఆ అమ్మాయి చదువు అక్కడే పూర్తయ్యే దాకా ఆగండి అన్నది మా గట్టి సలహా.

చిన్నపిల్లల సంగతి వేరు. కాలిఫోర్నియాలో 2025-26 నుంచి నాలుగేళ్ల పిల్లలందరికీ ప్రభుత్వ బడిలో ఉచిత టీకే (కిండర్‌గార్టెన్‌కి ముందు తరగతి) ఉంది. టెక్సస్‌లో అలాంటి ఉచిత తరగతి (ప్రీకే) కొందరికే. ఆ కొందరిలో ఇంగ్లిష్ రాని పిల్లలు కూడా ఉన్నారు. ఇంట్లో తెలుగే మాట్లాడుతూ పెరిగిన పిల్లలకి భాషా పరీక్ష పెట్టి అర్హత తేలుస్తారు, కాబట్టి జిల్లాని తప్పక అడగండి. ఇంట్లో తెలుగు నిలబెట్టుకున్నందుకు ఇలా ఒక మేలు జరిగితే మంచిదే కదా.

వీసా మీద ఉన్నవాళ్లకి సామాన్లు సర్దడం చివరి పని. హెచ్1బీ పనిచోటు మరో మెట్రో ప్రాంతానికి మారుతోంది కాబట్టి, ముందు కంపెనీ కార్మిక శాఖ దగ్గర కొత్త ఎల్‌సీఏ (పనిచోటు, జీతం చూపే ధ్రువపత్రం) తీసుకోవాలి. దానికే 7 పనిదినాలు. తర్వాత సవరణ పిటిషన్ వేయాలి. 2015లో సిమియో అనే కంపెనీ కేసులో ఇమిగ్రేషన్ నిర్ణయం వచ్చినప్పటి నుంచి ఇది తప్పనిసరి. ఇంటి నుంచి పనిచేసినా అంతే, ఎందుకంటే ఆ ఇల్లే పనిచోటు. పిటిషన్ దాఖలయ్యాకే కొత్త చోట పని మొదలుపెట్టాలి. ముందు వచ్చేసి తర్వాత చెబుదామనుకున్నవాళ్లకి ఆ చిక్కు తర్వాతి పొడిగింపు సమయంలో బయటపడుతుంది. గ్రీన్‌కార్డ్‌కి మొదటి మెట్టయిన పెర్మ్ నడుస్తుంటే ఇంకా జాగ్రత్త. పెర్మ్ ఒక ప్రాంతంలోని ఉద్యోగానికి చేసేది. శాశ్వత ఉద్యోగం టెక్సస్‌కి మారితే మళ్లీ మొదటి నుంచి చేయాల్సి రావచ్చు. దాని తర్వాత కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ ఆమోదమై ఉంటే గ్రీన్‌కార్డ్ వరసలో మీ తేదీ (ప్రయారిటీ డేట్) నిలుస్తుంది. చివరి మెట్టయిన ఐ-485 దరఖాస్తు వేసి 180 రోజులు దాటినవాళ్లకి వెసులుబాటు ఎక్కువ. మీ లాయర్‌తో ఈ మాట మాట్లాడకుండా ఇల్లు చూడటానికి టికెట్లు కొనకండి. వచ్చిన 10 రోజుల్లో ఏఆర్-11 చిరునామా మార్పు, 30 రోజుల్లో బండి రిజిస్ట్రేషన్, 90 రోజుల్లో లైసెన్స్. 2025 నుంచి మామూలు బండ్లకి భద్రతా తనిఖీ ఎత్తేశారు కానీ కాలిన్, డెంటన్ కౌంటీల్లో పొగ పరీక్ష ఉంది. లైసెన్సులిచ్చే డీపీఎస్ ఆఫీసులో అపాయింట్‌మెంట్ దొరకడానికి వారాలు పట్టొచ్చు కాబట్టి బయల్దేరే ముందే పట్టుకోండి.

ఇక నేల. గుంటూరు, కర్నూలు చేలల్లో ఎండాకాలం నల్లరేగడి ఎలా నెర్రెలు విచ్చుతుందో చూసినవాళ్లకి దీన్ని వేరే చెప్పనక్కర్లేదు. ఫ్రిస్కో కూర్చున్నది అలాంటి నేల మీదే. బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. వాన పడితే ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. దాని మీద దాదాపు ఇళ్లన్నిటికీ కాంక్రీటు స్లాబే పునాది, లోపల ఉక్కు కేబుళ్లు బిగించి ఉంటాయి. నేల మొత్తం ఒకేలా ఉబ్బి ఒకేలా తగ్గితే స్లాబుకి బాధ లేదు. ఒక పక్క తడిసి, ఇంకో పక్క ఎండితేనే వంగుతుంది. చూరు గొట్టం నీళ్లన్నీ ఒకే మూల పడటం, గోడకి దగ్గరగా పెద్ద చెట్టు ఆ పక్క తేమనంతా పీల్చేయడం, స్లాబు కింద పైపు కారడం - చాలావరకు ఈ మూడింట్లో ఒకటి కారణమవుతుంది.

పాత ఇల్లు చూసేటప్పుడు ప్రతి తలుపూ వేసి చూడండి, గడియ పడుతోందా లేదా. తలుపు పైమూల నుంచి ఏటవాలుగా పగులు, ఇటుక గోడలో మెట్లుమెట్లుగా పగులు, కొత్తగా రంగు వేసిన ఒకే ఒక్క గోడ - ఇవి కనిపిస్తే స్వతంత్ర స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలిపించి నేలమట్టం కొలిపించండి. పునాదులు బాగుచేసే కంపెనీని ఉచిత తనిఖీకి పిలవకండి, పునాది కింద స్తంభాలు దించడమే వాళ్ల వ్యాపారం. పాత ఇంటి ఒప్పందంలో చిన్న రుసుముకి ఆప్షన్ గడువు (కొనకుండా తప్పుకోగలిగే రోజులు) దొరుకుతుంది, సాధారణంగా 5 నుంచి 10 రోజులు. తనిఖీలన్నీ ఆలోపే అయిపోవాలి. కొత్త ఇళ్లకి బిల్డర్ సొంత ఒప్పందం వాడతాడు, అందులో ఈ గడువు ఉండకపోవచ్చు.

కొత్త ఇల్లు కదా అని తనిఖీ మానకండి. నగరం ఇన్‌స్పెక్టర్ చూస్తాడు కానీ ఆయనకి రోజులో చూడాల్సిన ఇళ్లు బోలెడు. రాష్ట్ర లైసెన్సున్న ఇన్‌స్పెక్టర్‌తో మూడుసార్లు చూపించండి: కాంక్రీటు పోయకముందు, గోడలకి షీట్ కొట్టకముందు, తాళాలు తీసుకోకముందు. నాలుగోసారి పదకొండో నెలలో, ఎందుకంటే పనితనానికి వారంటీ సాధారణంగా ఒక ఏడాదే. పైపులు, వైరింగ్, ఏసీ వ్యవస్థలకి రెండేళ్లు, నిర్మాణానికి పదేళ్ల దాకా. ఆ నిర్మాణ వారంటీ కాగితంలో ఎన్ని అంగుళాలు వంగితే లోపంగా ఒప్పుకుంటారో చదవండి. పునాది కదలికని మామూలు ఇంటి బీమా భరించదు.

కాపురానికి వచ్చాక చేయాల్సింది కష్టమేం కాదు. స్లాబుకి అడుగు నుంచి అడుగున్నర దూరంలో చుట్టూ సోకర్ హోస్ (పొడవునా నీళ్లు ఊరే గొట్టం) పరిచి, వేసవిలో నేల గోడ నుంచి విడిపోకుండా తేమగా ఉంచాలి. మట్టి ఇంటి నుంచి పది అడుగుల దూరంలో ఆరు అంగుళాలు వాలు ఉండాలి. వారంలో ఏ రోజు పచ్చిక తడపాలో నగరం నిర్ణయిస్తుంది, ఆ నియమాలు చూసుకోండి. స్లాబులో కేబుళ్లుంటాయి కాబట్టి పూజగదికి ఏదైనా బిగించాలన్నా నేలకి రంధ్రం వేయించకండి.

వడగళ్లు మార్చి నుంచి జూన్ దాకా వస్తాయి. ఇక్కడి బీమా పాలసీల్లో గాలికీ వడగళ్లకీ వేరే డిడక్టిబుల్ (బీమా డబ్బు రాకముందు మీరు భరించాల్సిన మొత్తం) ఉంటుంది, అది శాతంలో ఉంటుంది. ఇంటికి 6,00,000 బీమా ఉండి 2 శాతం అని ఉంటే, మొదటి 12,000 మీదే. 1 శాతం పాలసీకి ప్రీమియం కొంచెం ఎక్కువైనా లెక్క వేసి చూడండి. పైకప్పుకి కొత్తదాని ఖరీదు ఇస్తారా, వయసు తగ్గించి ఇస్తారా అన్నది ఇంకా ముఖ్యం. పన్నెండేళ్ల పైకప్పుకి రెండో పద్ధతిలో వచ్చేది డిడక్టిబుల్ పోగా చాలా స్వల్పం. వాన వెలిసిన మర్నాడే తలుపు కొట్టి, మీ డిడక్టిబుల్ మేమే చూసుకుంటామనేవాళ్లు వస్తారు. 2019 నుంచి టెక్సస్‌లో అది చట్టవిరుద్ధం, వాళ్ల కాగితం మీద సంతకం పెట్టకండి. ఇల్లు నచ్చగానే ధర మాట్లాడే ముందు ఆ చిరునామాకి బీమా ధర అడగండి, పైకప్పు వయసు బట్టి వేలల్లో మారుతుంది.

కరెంటు గురించి క్లుప్తంగా. ఫ్రిస్కోలో కొన్ని ఇళ్లకి కోసర్వ్ సహకార సంఘమే ఇస్తుంది, అక్కడ ఎంపిక లేదు. ఆన్‌కోర్ సంస్థ తీగలున్న ఇళ్లకి కరెంటు అమ్మే కంపెనీని మీరే ఎంచుకోవాలి. చవగ్గా కనిపించే ప్లాన్లలో చాలావాటికి 1,000 యూనిట్లు దాటితేనే బిల్లులో తగ్గింపు వస్తుంది. 990 వాడిన నెలలో అసలు రేటు బయటపడుతుంది. 500, 1,000, 2,000 యూనిట్లకి మూడు రేట్లూ ఇచ్చే వివరపత్రం చూసి ఎంచుకోండి. 2021 ఫిబ్రవరి చలి తుపానులో రాష్ట్రం గ్రిడ్ చేతులెత్తేసి, ఇళ్లలో పైపులు పగిలాయి. ఇల్లు తీసుకున్న రోజే నీటి ప్రధాన వాల్వు ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి.

ప్రయాణాల దగ్గర మాకు నిజమైన బాధ ఉంది. డాలస్ రైళ్లు, బస్సులు నడిపే డార్ట్‌లో ఫ్రిస్కో సభ్యనగరం కాదు. టెక్సస్‌లో స్థానిక అమ్మకపు పన్ను 2 శాతం మించకూడదు. డార్ట్ సభ్యనగరాలు అందులో 1 శాతం రవాణాకిస్తాయి. ఫ్రిస్కో ఆ 1 శాతాన్ని రెండు అభివృద్ధి కార్పొరేషన్లకి పంచింది. ఆ కంపెనీలూ స్టేడియాలూ వచ్చింది అందుకే, బస్సు రానిదీ అందుకే. ప్లానోలో ఆఫీసులు ఎక్కువున్న లెగసీ ప్రాంతంలో ఉద్యోగమైతే మీకు హాయి. అర్వింగ్, వెస్ట్‌లేక్ వైపైతే రోజూ టోల్‌వే మీద గంట దాకా పోతుంది. టోల్ మైలుకి 20 సెంట్ల పైనే. 25 మైళ్లకి అయిదు డాలర్లు, రానూపోనూ పది, నెలకి 200. టోల్‌ట్యాగ్ లేకపోతే రెట్టింపు దాకా పడుతుంది.

ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలకి ఇది ఇంకా కష్టం. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పెద్దాయన నడుచుకుంటూ వెళ్లి కూరలు తెచ్చుకుని నలుగురితో మాట్లాడి వస్తాడు. ఇక్కడ కారు నడపలేని మనిషి ఇంటికే పరిమితమవుతాడు. 2011లో ఈ ప్రాంతంలో 71 రోజులు, 2023లో 55 రోజులు ఎండ నూరు డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరింది. పెద్దవాళ్లు ఆరునెలలు ఉండేటట్టయితే గుడికో, దుకాణాలకో నడక దూరంలో ఇల్లు చూడండి. అలాంటివి తక్కువే కానీ ఉన్నాయి. పెరడు పెద్దది కావడం కన్నా వాళ్లకి అదే ఎక్కువ మేలు.

మనవాళ్లు ఇంతమంది ఉన్నచోట పండగలకి లోటుండదు. కూచిపూడి, సంగీతం, తెలుగు తరగతులు, పురోహితులు, పప్పుచెక్కల దాకా దొరుకుతాయి. ఇద్దరి జీతాల కుటుంబంలో జ్వరం వచ్చిన పిల్లని చూసేవాళ్లు పక్కింట్లోనే దొరకడం చిన్న విషయం కాదు. దాంతోపాటు పోలికలూ వస్తాయి. ఎవరి పిల్ల ఏ ర్యాంకు, ఎవరి ఇల్లు ఎన్ని చదరపు అడుగులు అన్నవి పిల్లల చెవిన పడుతూనే ఉంటాయి. ఇక్కడ మనల్ని అందరూ ఆదరంగా చూస్తారనీ చెప్పలేం. 2022 ఆగస్టులో ప్లానోలో ఒక పార్కింగ్ స్థలంలో నలుగురు భారతీయ మహిళల మీద జరిగిన దాడి దేశమంతా చూసింది, దాడి చేసిన మహిళను పోలీసులు అరెస్టు చేశారు. నగర సమావేశాలకి, బడి బోర్డు ఎన్నికలకి, పక్కవీధి అమెరికన్ల ఇళ్లకి కూడా వెళ్లేటట్టయితేనే ఈ ఊరు మనదవుతుంది.

ఇవన్నీ చూశాక మా అభిప్రాయం ఇదీ. పిల్లలు ఎనిమిదో తరగతి లోపున్నవాళ్లు, ఐ-140 చేతిలో ఉన్నవాళ్లు, ఉద్యోగం లెగసీ చుట్టుపక్కల ఖాయమైనవాళ్లు, ఇప్పటిదాకా అద్దెకుంటున్నవాళ్లు వస్తే బాగుపడతారు. పెర్మ్ మధ్యలో ఉన్నవాళ్లు, కాలిఫోర్నియాలో తక్కువ పన్ను, తక్కువ వడ్డీ ఇల్లు ఉన్నవాళ్లు, ఇంటి నుంచి చేసే ఒకే ఉద్యోగం మీద ఆధారపడ్డవాళ్లు తొందరపడొద్దు. ఎవరు వచ్చినా మొదటి 12 నెలలు అద్దెకుండండి. నాలుగు పడకగదుల ఇల్లు 3,000 డాలర్ల చుట్టుపక్కల దొరుకుతుంది. ఆ ఏడాది అద్దె వృథా అని బిల్డర్ల ఏజెంట్లు చెబుతారు. అందులో ఒక వేసవి, ఒక వడగళ్ల కాలం, ఒక బడి సంవత్సరం మీ కళ్లతో చూస్తారు. పొరపాటు ఇల్లు కొని రెండేళ్లకి అమ్మితే కమిషన్లు, ముగింపు ఖర్చులకే 40,000 పైన పోవచ్చు.

చూడటానికి వచ్చేటట్టయితే వసంతంలో బ్లూబోనెట్ పూలున్నప్పుడు రాకండి. ఆగస్టు మధ్యలో, బడులు తెరిచాక, మంగళవారమో బుధవారమో రండి. మీరు ఎంచుకున్న పేట నుంచి ఉదయం 7:30కి ఆఫీసుకి బండి నడపండి. సాయంత్రం 6కి అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని దగ్గరి దుకాణం దాకా నడవండి. తర్వాత ఆ వీధిలో రెండేళ్లు దాటిన తెలుగువాళ్ల తలుపు తట్టి, వాళ్ల రెండో ఏడాది ఎస్క్రో కాగితం చూపించమని అడగండి. మంచినీళ్లిచ్చి మరీ చూపిస్తారు.

ఇట్లు,
ఉత్తర డాలస్‌లో ఇళ్లు, పన్నులు, బడుల వ్యవహారాలు చూసే తెలుగువాళ్లం